చేతులు కట్టుకున్నవాడికి ఫిట్ సర్టిఫికెట్

1918లో వానలు వెనక్కి తగ్గుతున్న రోజుల్లో నేను బిలాస్‌పూర్ రైల్వే ఆస్పత్రిలో సబ్ అసిస్టెంట్ సర్జన్‌ని. ఆ హోదా పొడవు చూసి ఎవరూ మోసపోవద్దు. నా పైన మెడికల్ ఆఫీసరు దొర ఉండేవాడు. ఆయన పని సంతకం. నా కింద కాంపౌండరు ఉండేవాడు. అతని పని మందు కలపడం. పైవాళ్ళకు కోపం వచ్చినా, కిందివాళ్ళకు జ్వరం వచ్చినా మధ్యలో ఉన్న నా దగ్గరికే వచ్చేది. రైల్వే కాలనీలో మన ఉత్తర కోస్తా వాళ్ళు, బాబును బావు చేసి, నన్ను డాక్టరు బావు అనేవారు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. నా అంత వైద్యుడు నాగ్‌పూర్‌కూ కలకత్తాకూ మధ్య లేడని నా గట్టి నమ్మకం.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. నేను చెప్పే లెక్కలను మా ఆవిడ నాలుగుతో భాగిస్తుంది. చదివేవారు నాకు అంత పరాయివాళ్ళు కారు కనుక రెండుతో భాగిస్తే చాలు. ఒక్క చోట మాత్రం అసలు భాగించకూడదు. ఆ చోటు రాగానే నేనే గుర్తు చేస్తాను.

జనం బొంబాయి జ్వరం అన్న ఇన్‌ఫ్లుయెంజా మా ఊరికి రైల్లోనే వచ్చింది. టికెట్టు కొనలేదు. ఫస్టు క్లాసులోనూ థర్డ్ క్లాసులోనూ ఒకే హక్కుతో ప్రయాణం చేసింది. నాలుగు రోజుల్లో ఆస్పత్రి ముందు వరుస మైళ్ళ అవతలి చకర్‌భాటా స్టేషను దాకా సాగింది. కాలనీ అంతా ఒక్కసారి దగ్గితే షెడ్డులో చల్లారి ఉన్న ఇంజను నాలుగడుగులు ముందుకు జరిగిందని మా కాంపౌండరు ప్రమాణం చేశాడు. దగ్గు మిక్చరును గంగాళాల్లో కలిపి నీళ్ళ ట్యాంకు గరాటాతో పోశాం. ఆస్పత్రి మొత్తానికి థర్మామీటర్లు మూడు. అందులో ఒకదాన్ని ఒక బాయిలరు ఫిట్టరు వణుకుతూ కొరికేశాడు.

మనుషులు పోయారు కూడా. ఆ సంగతి పెంచి చెప్పడం నాకు చేతకాదు.

రైల్వేలో జబ్బు పడటానికి ఒక పద్ధతి ఉంది. ఒంట్లో బాగా లేనివాడు ముందు తన పైఅధికారి దగ్గర సిక్ మెమో రాయించుకుని ఆస్పత్రికి రావాలి. ఆ కాగితం లేకుండా వచ్చినవాడికి నూట నాలుగు డిగ్రీలున్నా కంపెనీ లెక్కలో ఆరోగ్యవంతుడే. తగ్గాక మేము ఫిట్ సర్టిఫికెట్ రాయాలి. అది లేకుండా డ్యూటీ లేదు. బండి నడకతో సంబంధం ఉన్నవాళ్ళకు, అంటే డ్రైవర్లు, గార్డులు, పాయింట్స్‌మన్లకు, ఆ సర్టిఫికెట్‌కు ముందు కంటి పరీక్ష తప్పనిసరి. దూరంగా అట్ట మీది చుక్కలు లెక్కపెట్టించేవాళ్ళం. రంగుల ఉన్ని చిలపలు, అంటే దారపు చుట్టలు, ఒక పెట్టెలో కుప్పగా పోసి, ఎర్రవి ఒక పక్కకు, పచ్చవి ఒక పక్కకు ఏరించేవాళ్ళం. కంపెనీ దృష్టిలో మనిషి అంటే రెండు కళ్ళు, ఆ కళ్ళను డ్యూటీకి మోసుకొచ్చే కొంత సామగ్రి. సామగ్రి ఎలా ఉందో అడిగే గడి ఆ ఫారంలో లేదు.

ఆ నెలలో స్టేషన్లలో మనుషులు లేరు. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు రోజూ నా గదికి వచ్చేవాడు. హిందీ మనిషి. ముప్ఫై ఏళ్ళు మన పాయింట్స్‌మన్లతో కేకలు వేసి వేసి తెలుగు నేర్చాడు. వచ్చినప్పుడల్లా ఒకే మాట. "అచ్ఛా డాక్టర్ సాబ్, ఇవాళ ఎన్ని మనుషులు ఇస్తావు? నీ ఆస్పత్రిలో నా టైంటేబుల్ పండుకుని ఉంది."

అలా నేను ఇచ్చిన మనుషుల్లో ఒకడు సింహాచలం.

సింహాచలం గతౌరా స్టేషన్లో పాయింట్స్‌మన్. బొబ్బిలి దగ్గరి ఊరు. మీసం రెండు వైపులా చెరొక పిచ్చుక వాలి సంసారం చేసుకునేంత ఉండేది. చుట్ట నోట్లో లేని సింహాచలాన్ని అతని సొంత భార్య పైడమ్మే గుర్తుపట్టదని అనుకునేవారు. పాయింట్లంటే పట్టాలు దారి మళ్ళే చోటు. మావాళ్ళు కాంటా అంటారు. మెయిలు బండి ఆగకుండా పోయే చిన్న స్టేషన్లో పాయింట్స్‌మన్ ఆ కాంటాను మీటతో సరైన దారికి తిప్పాలి, కదలకుండా మేకు దించి తాళం వేయాలి, తర్వాత పక్కన నిలబడి డ్రైవరుకు పచ్చ జెండా చూపాలి. పచ్చ జెండా చూపడమంటే, ఈ కాంటా నేను చూశాను, దీనికి పూచీ నాది, పొమ్మని చెప్పడం. మావాళ్ళు పచ్చ జెండా కుడి చేత పట్టేవారు, ఎర్రది ఎడమ చేత. అది నియమమో, శుభం కుడి చేత్తో ఇవ్వాలన్న మన పట్టింపో నాకు తెలీదు.

సింహాచలానికి తొమ్మిది రోజులు జ్వరం కాసింది. పైడమ్మ మన పద్ధతిలో లంఖణాలు కట్టించింది. జ్వరం ఉన్నన్నాళ్ళూ అన్నం లేదు సరే, మంచినీళ్ళు కూడా ఉద్ధరిణె లెక్కన పోసింది. నీళ్ళు తాగితే జ్వరం నానుతుందని ఆవిడ సిద్ధాంతం. పదిహేనో రోజు సింహాచలం ఫిట్ కోసం నా ముందుకొచ్చాడు. జ్వరం లేదు. సన్నబడ్డాడు. మాట కొంచెం ముద్దగా ఉంటే నీరసం అనుకున్నాను. చేతులు రెండూ కట్టుకుని, కుడి చేతిని ఎడమ చేతి కింద పెట్టుకుని, తల వంచి నిలబడ్డాడు. ఉదయం నుంచి నా బల్ల మీద మోచేతులు ఆనించి దగ్గినవాళ్ళను చూసి విసిగి ఉన్నానేమో, ఆ వినయం నా ప్రాణానికి హాయిగా తోచింది.

చుక్కలు లెక్కపెట్టాడు. సరిపోయింది. ఉన్ని పెట్టె ముందు పెట్టి ఎర్రది తీయమన్నాను. ఎడమ చేత్తో తీసి నాకు అందించాడు.

నేను తీసుకోలేదు. ఏమయ్యా, ఎవరికైనా ఎడమ చేత్తో ఇస్తారా, రేపు దొర ముందు కూడా ఇలాగే చేస్తావా అని మందలించాను. సింహాచలం చిలపను పెట్టెలో వేసేసి మళ్ళీ చేతులు కట్టుకున్నాడు.

"తప్పయిపోనాది బావూ. నోటితో సెప్తాను. మీరు సూపండి."

నేను చూపాను, అతను చెప్పాడు. ఎరుపు, పచ్చ, తెలుపు, ఒక్కటీ తప్పలేదు. మనిషికి సంస్కారం నేర్పానన్న తృప్తితో సర్టిఫికెట్ రాశాను. దొర దాని మీద సంతకం చేశాడు. ఇన్‌స్పెక్టరు ఆ కాగితాన్ని ప్రసాదంలా కళ్ళకద్దుకుని పట్టుకుపోయాడు.

ఎనిమిది రోజుల తర్వాత గతౌరాలో పట్టపగలు సింహాచలం మెయిలుకు ఎర్ర జెండా చూపాడు. సిగ్నళ్ళు దిగి దారి ఇచ్చి ఉన్నాయి. లైను ఖాళీగా ఉంది. డ్రైవరు బ్రేకులు వేస్తే పెట్టెల్లో తెల్లవాళ్ళ టీ కప్పులు ఒళ్ళోకి వచ్చాయి. స్టేషన్ మాస్టరు పరుగెత్తి కాంటా చూశాడు. మేకు దిగి ఉంది, తాళం పడి ఉంది, అంతా సక్రమంగా ఉంది. ఎందుకు ఆపావంటే సింహాచలం నోరు విప్పలేదు. మెయిలు పద్దెనిమిది నిమిషాలు ఆగిపోయింది. కారణం లేకుండా మెయిలు ఆపడం ఆ రోజుల్లో హత్యకు ఒక మెట్టు కిందది. విచారణ పెట్టారు. ఇన్‌స్పెక్టరు అప్పటికే తీర్పు రాసుకున్నాడు: తాగి ఉండాలి, లేదా సెలవు ఇవ్వలేదని కక్ష. రెండింటికీ శిక్ష ఒకటే. ఉద్యోగం తీసేస్తారు, వారంలో క్వార్టరు ఖాళీ చేయాలి.

నాకు కూడా పిలుపు వచ్చింది. పెద్ద పనేమీ కాదు. ఫలానా తారీఖున సింహాచలం డ్యూటీకి తగిన ఆరోగ్యంతో ఉన్నాడని చెప్పి రావాలి.

విచారణ రోజు ఉదయం పైడమ్మ గతౌరా నుంచి మొదటి బండిలో వచ్చి నా గది ముందు కూర్చుంది. చేతుల్లో బలానికి ఏదైనా మందు ఇమ్మంది. ఎవరికని అడిగాను.

"మా ఇంటాయనికి. మందు ఇయ్యండి బావూ, అడక్కండి."

అడక్కుండా ఇచ్చే మందు ఆస్పత్రిలో మిక్చరు ఒక్కటే అన్నాను. అప్పుడు చెప్పింది.

"కుడి సేత్తో ముద్ద నోటి కాడికి ఎల్లటం నేదు. సెవి కాడికి ఎల్తన్నాది. ఎడం సేత్తో తింతానంతాడు. ఎడం సేత్తో తింటే ఆ కూడు ఒంటికి పడతాదేటి? అందుకే నానే కలిపి ముద్దలు పెడతన్నాను."

ఎప్పటినుంచి అన్నాను.

"మీరు పిట్టు రాసినారు సూడండి, దానికి రెండ్రోజులు ముందు. పొద్దున్న లెగిసినప్పుడే సెయ్యి సెయ్యిలా నేదు. మాట కూడా తిరగనేదు. మద్యానానికి కొంత సర్దుకున్నాది. లంకణాల నీరసమనుకున్నాం."

మరి నాకెందుకు చెప్పలేదన్నాను. గొంతు కొంచెం పెద్దదే చేశాను.

"మీరు అడగనేదు గదా బావూ. కళ్ళు అడిగినారు. కళ్ళు సెప్పినాడు."

నేను ఈ ఉద్యోగంలో చాలామంది దొరల దగ్గర చాలా చీవాట్లు తిన్నాను. అన్నీ కలిపి తూచినా ఆ మాట బరువు రాదు. ఉన్ని చిలపతో నా ముందుకు వచ్చిన ఎడమ చెయ్యి కళ్ళ ముందు ఆడింది. రోగం తనంతట తాను నడిచి వచ్చి చెయ్యి చాచి పలకరిస్తే, నేను దానికి మర్యాద నేర్పి వెనక్కి పంపాను.

పైడమ్మ అడిగింది ఒక్కటే. విచారణలో చెయ్యి సంగతి ఎత్తవద్దని. చెయ్యి పడిపోయిందంటే అన్‌ఫిట్ రాసేస్తారు, ఇంటికి పొమ్మంటారు. తాగాడనుకుంటే ఎవరో ఒకరి కాళ్ళు పట్టుకోవచ్చు. చెయ్యి లేనోడని రాసేశాక ఎవడి కాళ్ళు పట్టుకున్నా లాభం లేదని ఆవిడ లెక్క.

నేను కూడా ఒక లెక్క వేశాను. దాచడం దేనికి? ఆ తారీఖున ఫిట్ అంటే నా కాగితం నిలుస్తుంది, సింహాచలం పోతాడు. కాదంటే నా కాగితం పోతుంది, సింహాచలం ఏమవుతాడో తెలీదు. అయితే తప్పు చేసి పోయినవాడికి కంపెనీలో మరో చోటు లేదు. జబ్బు చేసినవాడికి, దొర మనసు పెడితే, తేలిక పని ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. పైడమ్మకు ఇది చెప్పాను. ఆవిడ నమ్మలేదు. నేనూ పూర్తిగా నమ్మలేదు.

విచారణ ట్రాఫిక్ ఆఫీసు గదిలో జరిగింది. బల్ల వెనక ట్రాఫిక్ దొర, ఆయన పక్కన మా డాక్టరు దొర. ఇన్‌స్పెక్టరు కాగితాలతో నిలబడ్డాడు. సింహాచలం గోడ వారగా, తల వంచి, చేతులు కట్టుకుని. ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు.

"ఒక్క మాట చెప్పి పొండి డాక్టర్ సాబ్. ఆ తారీఖున ఈ ఆద్మీ ఫిట్టా, కాదా?"

"కాగితం ఫిట్. మనిషి కాదు," అన్నాను.

మా దొర కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆ కాగితం మీద ఆయన సంతకం కూడా ఉంది మరి. అందరి ముందూ ఇంకొక్కసారి పరీక్ష చేస్తానని అనుమతి అడిగి, సింహాచలం దగ్గరికి వెళ్ళాను. చేతులు కట్టుకోవద్దని చెప్పాను. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు పైకి పెట్టి, కళ్ళు మూసుకుని అలాగే ఉంచమన్నాను. సింహాచలం నా ముఖంలోకి చూశాడు. ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి ముందుకు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. నేను బయటికి వినిపించేలా ఒకటి, రెండు అని లెక్కపెట్టాను.

భాగించవద్దని చెప్పిన చోటు ఇదే. ఏడు అనేసరికి కుడి అరచెయ్యి లోపలికి తిరిగింది. పన్నెండుకి చెయ్యి కిందికి దిగడం మొదలైంది. సింహాచలానికి తెలీదు. చెయ్యి చాచే ఉందనుకుంటున్నాడు. సిగ్నలు రెక్క దిగినంత నెమ్మదిగా, అంత సాఫీగా దిగి, ఇరవైకి తొడ పక్కకు చేరింది. సిగ్నలు రెక్క దిగితే దారి ఉందని అర్థం అనుకునే మనుషులే ఆ గదిలో అందరూ.

మా దొర లేచి వచ్చి మోకాలి కింద సుత్తితో తట్టాడు, అరికాలు గీకాడు, పళ్ళు చూపమన్నాడు. మీసం చాటున నోరు ఒక పక్కకు లాగింది. మీసం అంత లేకపోతే నేనూ చూసేవాడినేమో. మెదడు ఎడమ పక్కకు వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందని, అందుకే ఎదురు పక్క చెయ్యి దెబ్బతిన్నదని దొర చెప్పాడు. ఈ జ్వరం తగ్గిన తర్వాత కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్ళను తాను చూశానని, ఇలా పక్షవాతం వచ్చినవాళ్ళనూ ఒకరిద్దరిని చూశానని అన్నాడు. నేరమంతా జ్వరానిదేనా అని ట్రాఫిక్ దొర అడిగితే, మనిషికి నలభై దాటింది, చుట్ట తాగుతాడు, జ్వరంలో నీళ్ళు తాగలేదు, ఎవరి వాటా ఎంతో పంచలేను, కానీ జ్వరానికి వాటా ఉందన్నాడు.

అప్పుడు ఇన్‌స్పెక్టరు అడిగాడు. చెయ్యి లేవకపోతే లేవలేదు, ఊరుకోవచ్చు కదా, ఎర్ర జెండా ఎందుకు ఎత్తావని.

సింహాచలం విచారణ మొత్తంలో మాట్లాడింది అప్పుడే.

"మేకు దించినాను బావూ. దిగినాదో నేదో నా సేతికి తెల్లేదు. ఎప్పుడూ సెయ్యే సెప్పీది, కన్ను కాదు. అంతకు ముందు రోజులన్నీ వొంగుని కంటితో సూసుకున్నాను, ఆ యేల వొంగుని సూద్దారంటే బండి వొచ్చేత్తన్నాది. నా సెయ్యే నాకు నిజం సెప్పనప్పుడు, నాను బండికి పొమ్మని ఎలా సెప్తాను? ఎడం సెయ్యి బాగున్నాది. దాన్లో ఎర్రది ఉన్నాది. ఎత్తినాను."

"అచ్ఛా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. చేతిలో కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళలో అతను ఆ మాట కేక వేయకుండా అనడం అదే మొదటిసారి అయి ఉంటుంది.

అభియోగం కొట్టేశారు. సింహాచలాన్ని పాయింట్స్‌మన్ పనికి అన్‌ఫిట్ అని రాసి, బిలాస్‌పూర్ స్టేషన్లో గంట కొట్టే పనిలో వేశారు. వేలాడదీసిన పట్టా ముక్కను ఇనుప గూటంతో కొట్టడానికి ఎడమ చెయ్యి చాలు. క్వార్టరు చిన్నదైంది గాని పోలేదు. పైడమ్మ ఒక ఏడాది నాతో మాట్లాడలేదు. కాంటావోడి పెళ్ళాన్ని గంటవోడి పెళ్ళాన్ని చేశాడీ డాక్టరు అని కాలనీలో చెప్పుకుంది. కుడి చెయ్యి కొంత తిరిగొచ్చింది. చుట్ట వెలిగించడానికి సరిపోయేంత. వెలిగించవద్దని నేను చెప్పాను. వినలేదు.

నా సర్వీసు పుస్తకంలో ఒక వాక్యం చేరింది: తగిన పరీక్ష లేకుండా సర్టిఫికెట్ ఇచ్చినందుకు హెచ్చరిక. దొర సంతకం గురించి ఎక్కడా ప్రస్తావన లేదు. సంతకాలకు హెచ్చరికలుండవు.

ఆ జ్వరానికి మూలం ఒక క్రిమి అని అప్పుడు మాకు చెప్పారు. దాదాపు పదిహేనేళ్ళ తర్వాత, అది క్రిమికన్నా చిన్నదని, మామూలు సూక్ష్మదర్శినికి చిక్కని వైరస్ అని తేల్చారు. అది రక్తంతో ఎలా ఆడుకుంటుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. నాకు అర్థమైనంత వరకు చెబుతాను. అలాంటి జ్వరంలో ఒళ్ళంతా తాపం రేగుతుంది. నునుపుగా ఉండాల్సిన రక్తనాళం లోపలి గోడ గరుకెక్కుతుంది. రక్తానికి గడ్డకట్టే గుణం హెచ్చుతుంది. గాయమైన చోట ఆ గుణం ప్రాణం కాపాడుతుంది. గాయం లేని చోట దారి మూసేస్తుంది. నీళ్ళు లేక ఒళ్ళు ఎండితే బెల్లం పాకం ముదిరినట్టు ఇంకా చిక్కనవుతుంది. అందరికీ ఇలా కాదు, అరుదుగానే. కానీ థర్మామీటరు మామూలుకు వచ్చిన తర్వాత కూడా కొన్ని వారాలు ఆ ముప్పు ఉంటుంది.

ఆ విచారణ తర్వాత నేను పద్ధతి మార్చాను. ఉన్ని చిలపలు అయ్యాక ప్రతి మనిషినీ చేతులు చాచి, కళ్ళు మూసుకుని, ఇరవై లెక్కపెట్టే వరకు నిలబడమనేవాణ్ణి. కోటు బొత్తాలు పెట్టించేవాణ్ణి. పిక్కలు నొక్కి చూసేవాణ్ణి. ఆ ఉదయం అన్నం ఏ చేత్తో తిన్నావని అడిగేవాణ్ణి. ఫారంలో గడులు లేవు కనుక అంచున రాసేవాణ్ణి. నా గదిలో చేతులు కట్టుకోవడం నిషేధించాను. డాక్టరు బావుకి మర్యాద గిట్టదని పేరు వచ్చింది. ఆ చలికాలంలోనే ఒక ఫైర్‌మన్ వాచిన పిక్క ఆ పద్ధతిలో దొరికింది. ఇంజను ఎక్కకముందు మంచం ఎక్కించాం.

జ్వరం దిగడం వేరు, దాని పని ముగియడం వేరు. పరీక్షించేవాడు రోగి చూపినదానితో సరిపెట్టుకోకుండా, అతను దాచగలిగినదాన్ని అడిగి చూడాలి. ఈ రెండు సంగతులు నేర్చుకోవడానికి నాకు మెయిలు పద్దెనిమిది నిమిషాలు ఆగవలసి వచ్చింది. గతౌరా స్టేషను పుస్తకంలో తొమ్మిది అని ఉంటుంది. అదే సరైన లెక్క.